చింతపండుతో తోమిన పిస్టన్లు

జహీరాబాద్‌లో ఇంజన్ గురించి తనకు తెలియదని ఒప్పుకునే మనిషి ఇంతవరకు నాకు తారసపడలేదు. ట్రాక్టర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అందులో పనిచేసి ఉంటారు, లేదంటే పనిచేసినవాడికి పిల్లనిచ్చి ఉంటారు. ఆ చుట్టరికం చాలు. బోనెట్ ఎత్తిన బండి కనబడితే బ్యాంకుకు పోతున్న మనిషి కూడా ఆగి, నడుము మీద చేతులు పెట్టుకుని, లోపలికి తొంగి చూసి, ఇంజక్టర్ పోయి ఉంటుందని తీర్పు చెప్పి మరీ పోతాడు. ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఈ జనాన్ని చూసి నవ్వుకునే హక్కు నాకుందని చాలాకాలం అనుకున్నాను. ఎందుకంటే నాకు నిజంగానే తెలుసు. విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో, కొలతల గదిలో, ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. అది ఏసీ గది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. గోడ మీద "ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు" అని బోర్డు ఉండేది. రోజంతా మైక్రోమీటరు పట్టుకుని మిల్లీమీటరులో వందో వంతు దాకా చూసి, ఈ ముక్క పనికొస్తుంది, ఈ ముక్క పనికిరాదు అని చెప్పడం నా పని. నేను వద్దన్న ముక్కను మళ్లీ తెచ్చి వాదించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అలాంటి ఉద్యోగం ఎనిమిదేళ్లు చేసిన మనిషి ఇంటికొచ్చాక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. మానేసేటప్పుడు సొంతానికి ఒక మైక్రోమీటరు కొనుక్కుని, బీరువాలో నగల పెట్టె పక్కన పెట్టుకున్నాను. నాలుగేళ్లు అది అక్కడే ఉంది. ఒక్కసారి మాత్రం, పూరీలు మందంగా చేశానని అత్త అన్నప్పుడు, తీసి కొలిచి చూపించాను. అత్త ఆ పూరీ తినలేదు.

ఇక మా మామ సంగతి. ఆయనకు రాయికోడ్ దారిలో అల్లం చేను, ఒక పాత డీజిల్ జీపు ఉన్నాయి. రెండింటిలో ఏది ఎక్కువ ఇష్టమో ఇంట్లో ఎవరూ అడగలేదు, అడిగితే అత్తకు బాధ కలుగుతుందని. కొడుకులిద్దరూ కొత్త కారు కొందామని చాలాసార్లు చెప్పి చూశారు. అద్దాలు మూసుకుని చల్లగాలిలో కూర్చుంటే తనను దవాఖానకు తీసుకుపోతున్నట్టు ఉంటుందని మామ ఒప్పుకోలేదు. జీపు ఉన్నంతకాలం ఆయన చేనుకు తనంతట తాను పోయి రాగల మనిషి. జీపు లేకపోతే, పొద్దున్నే చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడి, ఏ కొడుకు మోటారుసైకిల్ తీస్తాడా అని చూసే ముసలాయన. ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు గాని, మాకందరికీ తెలుసు.

ఆ జీపు పోయిన ఎండాకాలం నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. హైవే పక్కన షెడ్డులో ఉండే మెకానిక్ ఇంజన్ విప్పాడు. ఆయన్ని మా ఇంట్లో అందరం ఉస్తాద్ అనే పిలుస్తాం. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఇరవై ఏళ్లుగా ఆ జీపు మీద ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. సిలిండర్లు అరిగాయని చెప్పాడు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడే గుండ్రటి బావుల్లాంటివి సిలిండర్లు. వాటి గోడలు అరిగితే ఇంకాస్త వెడల్పుగా కోయించి, ఆ వెడల్పుకు తగ్గ పెద్ద పిస్టన్లు వేస్తారు. ఈ జీపుకు ఆ వైద్యం ఇప్పటికే మూడుసార్లు జరిగింది. నాలుగోదే ఆఖరుది. అంతకంటే పెద్ద పిస్టన్ బజారులో దొరకదు. లోపల తొడుగు వేయిద్దామంటే, సిలిండర్లన్నీ ఉండే ఇనుప దిమ్మకు, అంటే బ్లాకుకు, ఒక పక్క పాత అతుకు ఉంది, ఆగదు.

"ఇదే లాస్ట్ పటేలా," అన్నాడు ఉస్తాద్ మామతో. "గోడ ఇంక జరంత ఎక్కువ తిన్నా బండి తుక్కే."

ఆ రోజు నుంచి మామ అన్నం సగంలోనే లేవడం మొదలుపెట్టాడు.

బోరింగ్ షాపులో బ్లాకు కోయించడం అయింది. ఒకే పెట్టెలో వచ్చినా నాలుగు పిస్టన్లూ అచ్చంగా ఒకే కొలతలో ఉండవు. ఒకటి వందో వంతు లావు, ఇంకొకటి వందో వంతు సన్నం. అందుకని ఉస్తాద్ ఒక్కో పిస్టన్‌ను ఒక్కో సిలిండర్‌కు జత కుదిర్చాడు. పిస్టన్‌ను తలకిందులుగా సిలిండర్లోకి దించి, పక్కనే కాగితమంత సన్నటి ఇనుప పట్టీ పెట్టి, రెండు వేళ్లతో పట్టీని పైకి లాగి చూస్తాడు. పట్టీ జారిపోకూడదు, ఇరుక్కుపోకూడదు, కొంచెం బతిమాలించుకుని రావాలి. రాకపోతే గోడను సానరాయితో ఇంకాస్త నున్నగా రుద్దుతాడు. కుదిరాక పిస్టన్ నెత్తిన నల్ల మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసుకున్నాడు. మామకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్లిన నేను ఇదంతా చూసి పెదవి విరిచాను. పనిముట్లు ఉండగా వేళ్లతో కొలిచే మనిషిని చూస్తే నాకు జాలి వేసేది.

మామకు ఒక పట్టింపు ఉంది. కొత్త సామాను దేవుడికి చూపించకుండా బండిలో పడకూడదు. టైరుకు బొట్టు, బ్యాటరీకి బొట్టు, ఒకసారి వైపర్ రబ్బరుకు కూడా బొట్టు పెట్టించాడు. ఉస్తాద్‌కు ఈ సంగతి కొత్త కాదు. శుక్రవారం పొద్దున నాలుగు పిస్టన్లను పాత పేపర్లలో చుట్టి మామ చేతికిచ్చి, నమాజ్ అయ్యాక మధ్యాహ్నం బిగిస్తానని చెప్పాడు.

పిస్టన్లు ఇంటికొచ్చి అత్త చేతిలో పడ్డాయి. దేవుడి ముందు పెట్టే లోహం ఏదైనా సరే, అత్తకు తెలిసిన వైద్యం ఒకటే, చింతపండు. కుందులకు అదే, చెంబులకు అదే, హారతి పళ్లేనికి అదే. పిస్టన్ల నెత్తిన నల్లటి గీతలు చూసి, కొత్త సామాను మీద ఈ పిచ్చిరాతలేమిటని షాపువాళ్లను తిట్టుకుంటూ, కొబ్బరిపీచుతో శుభ్రంగా తోమింది. ఆ మార్కర్ డబ్బా మీద ఎప్పటికీ చెరగదని రాసి ఉంటుంది. రాసినవాళ్లకు మా అత్త తెలియదు. తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పీట మీద వరుసగా పేర్చి పూజ చేసింది. తర్వాత పసుపు ఇంజన్లోకి పోతుందేమోనని మళ్లీ కడిగింది. తడి ఇనుము తుప్పు పడుతుందని డాబా మీద, శొంఠి కోసం ఎండబెట్టిన అల్లం ముక్కల పక్కన, ఎండలో పెట్టింది. అవి అల్యూమినియంవని, తుప్పు పట్టవని ఆమెకు చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగినదాన్ని నేను బాబుకు అన్నం తినిపిస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి డాబా ఎక్కి చూస్తే నాలుగు పిస్టన్లు కవలపిల్లల్లా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా అంకె లేదు. నా వెనకే ఎక్కి వచ్చిన మామ అది చూసి గోడ పట్టుకున్నాడు. ఏది ఏ సిలిండర్‌దో ఇక ఎలా తెలుస్తుందన్నాడు. కిందినుంచి అత్త, ఎంత బాగా మెరుస్తున్నాయో చూశారా అని అడుగుతోంది.

"ఫికర్ చెయ్యకు మామా," అన్నాను. "నేను కొలుస్త గద."

నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉంది. నాలుగేళ్లుగా పప్పు ఉడికిందా లేదా అన్నది తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఇంటి పెద్ద ప్రాణం నా బీరువాలో ఉన్న పనిముట్టు మీద ఆధారపడింది. మంచి చీర కట్టుకుని మరీ బయలుదేరాను.

పిస్టన్లను మామ తువ్వాలులో మూట కట్టి స్కూటీ మీద పెట్టుకున్నాం. దారిలో బోరింగ్ షాపులో ఆగి, సిలిండర్ లోపలి కొలత చూసే గేజ్ అడిగి తెచ్చుకున్నాం. షెడ్డు చేరేసరికి ఉస్తాద్ నమాజ్ నుంచి వచ్చి ఉన్నాడు. అంకెలు లేని పిస్టన్లు చూసి, పట్టీ తీయబోయాడు. మామ ఆపి, కోడలు ఫ్యాక్టరీ పద్ధతిలో కొలుస్తుందన్నాడు. ఆ మాట వినగానే చుట్టుపక్కల పనిలేనివాళ్లు నలుగురు పోగయ్యారు.

వాళ్లకు ముందుగా ఒక చిన్న పాఠం చెప్పాను. పిస్టన్ గుండ్రంగా ఉండదని, కోడిగుడ్డులా ఒక వైపు వెడల్పుగా ఉంటుందని, నెత్తి దగ్గర కొలిస్తే తప్పని, కింది అంచుకు కాస్త పైన, అడ్డ వైపు కొలవాలని వివరించాను. బ్యాంకుకు పోతూ ఆగిన ఒకాయన కూడా తల ఊపాడు. అప్పుడు పిస్టన్లు ఒక్కోటి తీసి కొలిచాను. చేతికి వెచ్చగా తగిలాయి. ఏప్రిల్ నెలలో జహీరాబాద్‌లో చేతికి వెచ్చగా తగలని వస్తువేదో నాకు తెలియదు కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత సిలిండర్లు కొలిచాను. బ్లాకు షెడ్డు వెనక నీడలో, తడి మట్టి మీద ఉంది. రెండు లెక్కలూ కాగితం మీద వేసి తీసివేశాను. మళ్లీ కొలిచాను. మళ్లీ అదే వచ్చింది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన ఖాళీలో సగమే ఉంది, నాలుగింటికీ.

లేచి నిలబడి, కొలతల గదిలో చెప్పినట్టే చెప్పాను. సిలిండర్లు చిన్నవిగా ఉన్నాయి, ఇలాగే బిగిస్తే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది, నాలుగు గోడలనూ ఇంకో నాలుగు వందో వంతులు రుద్ది తీయాలి. ఉస్తాద్ చేతి పని బాగానే ఉంటుంది గాని చేతికి కళ్లు ఉండవు కదా అని కూడా అన్నాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఇవాళ రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఉస్తాద్ ఒక పిస్టన్ తీసుకుని అరచేతిలో కాసేపు ఉంచుకున్నాడు. నా ముఖం చూశాడు. చుట్టూ నిలబడ్డవాళ్లను చూశాడు. పిస్టన్ కింద పెట్టేసి, ఈ పూట రుద్దేది లేదు, రేపు పొద్దున చూద్దామన్నాడు. ఓడిపోయాక మనుషులు అలాగే వాయిదాలు అడుగుతారని నేను అనుకున్నాను.

మామకు మాత్రం కోపం ఆగలేదు. ఇరవై ఏళ్లు నమ్మితే ఆఖరి బోరును పాడు చేశాడని నలుగురి ముందూ కేకలేశాడు. నువ్వు రుద్దకపోతే పొద్దున్నే తొమ్మిదింటికి ట్రాలీ ఆటో తెచ్చి బ్లాకును బోరింగ్ షాపుకు తీసుకుపోతానన్నాడు. నా కోడలు చెప్పింది చెప్పినట్టు చేయిస్తానన్నాడు. ఆ మాటకు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఉస్తాద్ నాలుగు పిస్టన్లను బ్లాకు పక్కనే పెట్టి, రెండింటి మీదా కలిపి గోనెసంచి కప్పాడు.

మర్నాడు ఏడు కాకముందే ఆయన నుంచి ఫోన్ వచ్చింది. నా పనిముట్టు తీసుకుని ఒక్కదాన్నే రమ్మన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి పిలుస్తున్నాడేమో, పెద్దమనిషి కదా, మర్యాదగా మాట్లాడాలని దారిలో అనుకుంటూ పోయాను.

షెడ్డులో గోనెసంచి తీసి ఒక పిస్టన్ నా చేతిలో పెట్టాడు. అది చల్లగా ఉంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంక కొలవాల్సిన పని కూడా లేదు, అయినా కొలిచాను. నాలుగు పిస్టన్లూ నిన్నటికంటే సన్నగా ఉన్నాయి. ఖాళీ ఎంత ఉండాలో అంతే ఉంది. వేడికి లోహం ఉబ్బుతుంది. ఈ ముక్క ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు. నేనైతే దాన్ని గోడ మీద బోర్డులో ఎనిమిదేళ్లు రోజూ చదివాను. డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో మరిగిన పిస్టన్లను తెచ్చి, నీడలో ఉన్న బ్లాకుతో పోల్చి, తీర్పు చెప్పాను. ఏసీ గదిలో ఆ బోర్డు పనిని ఏసీయే చేసింది, నేను చేసింది ఏమీ లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నిన్ననే తెలుసు గద ఉస్తాద్, ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"రొట్టె లెక్క కాలుతుండె బేటీ. తెల్వకేమి," అన్నాడు. "పది మంది ముంగట నీ మాట తీసేస్తె నీ ఇజ్జత్ ఏముంటది? ఇగ నేను చెప్తె పటేల్ ఇంటడా? తప్పు కప్పుకుంటున్న అనుకుంటడు."

నేను కొలిచి ఏది దేనికో కాగితం మీద రాశాను. ఆయన నా కాగితం చూడకుండా పట్టీతో నాలుగూ చూసి, సుద్దముక్కతో పిస్టన్ల మీద అంకెలు వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అంకె కూడా తేడా లేదు. కళ్లు లేని చెయ్యి అన్న మాట ఎవరికి వర్తిస్తుందో అప్పటికి నాకు బాగా అర్థమైంది.

ఇంతలో ట్రాలీ ఆటో వచ్చింది. చెప్పిన టైముకు గంట ముందే, ఇద్దరు హమాలీలతో, మామ దిగాడు. ఉస్తాద్ వైపు చూడకుండా బ్లాకు ఎత్తమన్నాడు. నిన్నటి నలుగురూ కూడా టీ గ్లాసులతో చేరారు. బోరింగ్ షాపులో ఆ గోడలకు మళ్లీ రాయి తగిలితే ఏమవుతుందో నాకూ ఉస్తాద్‌కూ తెలుసు. నాలుగు సిలిండర్లూ వదులైపోతాయి, అంతకంటే పెద్ద పిస్టన్లు లేవు, జీపు తుక్కుకు పోతుంది. ఆపగలిగేది నేనొక్కదాన్నే.

అయినా నా నోట్లోంచి తిన్నగా మాట రాలేదు. నిన్నటి పరిస్థితులకూ ఇవాళ్టి పరిస్థితులకూ వ్యత్యాసం ఉందని మొదలుపెట్టాను. ఉష్ణోగ్రతను బట్టి లోహాల వ్యాకోచం ఉంటుందన్నాను. ఆ దృష్ట్యా నిన్నటి ఫలితాన్ని పునఃపరిశీలించడం సమంజసమన్నాను. ఆఫీసులో తప్పు చేసినవాళ్లందరూ మాట్లాడే భాష అది, నాకు బాగా వచ్చు. బ్యాంకాయనకు నచ్చినట్టుంది, మెచ్చుకోలుగా తల ఊపాడు. హమాలీలు బ్లాకు కిందికి తాడు పోనిచ్చారు.

మామ విసుక్కున్నాడు. "అదంత నాకేం సమజైతది బిడ్డా. నిన్న నువ్వు చెప్పింది తప్పా, ఒప్పా?"

"తప్పు మామా," అన్నాను. "నేనే తప్పు కొలిచిన. పిస్టన్లు ఎండకు కాలి ఉబ్బినయి, నేను చూస్కోలే. ఉస్తాద్ పని సక్కగున్నది. బ్లాకును ముట్టొద్దు."

ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నాది తప్పు అన్న మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. అనగానే ఏడుపొచ్చింది, కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఒక టీ గ్లాసాయన తనకు నిన్ననే అనుమానం వచ్చిందన్నాడు. మామ నన్ను తిట్టలేదు. హమాలీలను తాడు తీసేయమని చెప్పి, పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బ్లాకునే చూస్తూ, బండి ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. కాని ఉస్తాద్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నిన్న అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఆయనకూ చేతకాలేదు.

రెండు రోజులకు ఇంజన్ బిగింపు అయింది. ఆ రెండు రోజులూ మామ షెడ్డులోనే కూర్చున్నాడు, ఏదైనా చెప్పాలంటే నాకు చెప్పి నాతో ఉస్తాద్‌కు చెప్పించాడు. మూడు అడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను తపాలా మోశాను. మూడో రోజు పొద్దున చిరాగ్‌పల్లి దాకా పోయి చూద్దామని జీపు బయటికి తీశారు. కొత్త ఇంజన్‌ను పరుగెత్తించకూడదు కాబట్టి ఉస్తాదే తోలాడు. పక్క సీట్లో మామ, వెనక నేను. లారీలన్నీ మమ్మల్ని దాటి పోతుంటే మేం ఎద్దుబండిలా హైవే అంచున పోయాం.

పొగ లేదు. శబ్దం నున్నగా ఉంది. మామ తల వెనక్కి తిప్పి, ఎట్లున్నది బిడ్డా అని నన్నడిగాడు. మామూలుగా అయితే నా దగ్గర పెద్ద జవాబే ఉండేది.

"నన్నడగకు మామా," అన్నాను. "ఉస్తాద్‌నడుగు."

మామ మళ్లీ ముందుకు తిరిగాడు. చిరాగ్‌పల్లి ఇళ్లు కనబడ్డాక, గొంతు సవరించుకుని, ఉస్తాద్ వైపు చూడకుండానే అడిగాడు.

"ఎట్లున్నది ఉస్తాద్?"

"నీ లెక్కనే ఉన్నది పటేలా," అన్నాడు ఉస్తాద్. "జల్ది వేడెక్కుతది. కాని సల్లారినంక మంచిదే."

చిరాగ్‌పల్లిలో జీపు ఆపి ముగ్గురం టీ తాగాం. తిరిగి బయలుదేరేటప్పుడు ఉస్తాద్ తాళంచెవి ఇవ్వబోతే, రిపేరు పరీక్షకు తప్ప ఎన్నడూ తన జీపు తోలడానికి ఇంకొకరి చేతికివ్వని మామ, దాన్ని తీసుకోకుండా పోయి పక్క సీట్లోనే కూర్చున్నాడు.